నూలుకు పట్టే రంగు, నూలు మీద నిలిచే రంగు

శ్రోతలకు నమస్కారం. మగ్గం మీద నేసే నూలుకు మొక్కల వేర్లతో, ఆకులతో, తొక్కలతో రంగు వేసి చూడాలనుకునేవాళ్లతో ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

ఈ పనిలో ఎవరికైనా మొదట తోచేది పసుపే. నీళ్లలో కలిపి నూలు ముంచితే చాలు, నిమిషాల్లో బంగారు ఛాయ వచ్చేస్తుంది. అదే నూలును ఎండ తగిలేచోట పెడితే కొద్ది రోజులకే వెలిసిపోతుంది. బీట్‌రూట్ రంగు ఉతుకులోనే పోతుంది. పట్టే రంగు వేరు, నిలిచే రంగు వేరు. రంగు వేశాక నిలువు పోగులు పరిచి పడుగు వేయాలి, వాటిని దువ్వెన లాంటి అచ్చుకు అతకాలి, అడ్డంగా నేసే పేక పోగును కండెలకు చుట్టి నేయాలి. ఇంత చాకిరీ వెలిసిపోయే రంగు మీద పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకే ప్రయోగమంటూ చేస్తే నిలిచే రంగు కోసమే చేయాలంటాను.

దానికి మొదటి మెట్టు నూలును శుభ్రం చేయడం. పత్తి నూలుకు పుట్టుకతోనే మైనం లాంటి జిడ్డు ఉంటుంది. వాషింగ్ సోడా వేసిన నీళ్లలో గంటసేపు ఉడికిస్తే ఆ నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. తెల్లగా కనబడే నూలులో ఇంత ఉందా అని ఆశ్చర్యం వేస్తుంది. ఉన్నికి, పట్టుకు మాత్రం సోడా వద్దు. గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు సరిపోతాయి.

తర్వాత పటిక. పత్తి నూలు పటికను నేరుగా బాగా పట్టుకోదు. అందుకని ముందు కరక్కాయ పొడి కలిపిన నీళ్లలోనో, దానిమ్మ తొక్కల కషాయంలోనో నానబెడతారు. వాటిలోని టానిన్ అనే వగరు పదార్థం నూలును అంటుకుంటుంది, పటికలోని అల్యూమినియం ఆ టానిన్‌ను పట్టుకుంటుంది, రంగు వచ్చి అల్యూమినియంతో ముడిపడుతుంది. లెక్కంతా పొడి నూలు బరువు మీదే. 100 గ్రాముల నూలుకు సుమారు 20 గ్రాముల కరక్కాయ పొడి, 15 నుంచి 20 గ్రాముల పటిక. నీళ్లు నూలు ఇరుకు లేకుండా కదిలేటన్ని ఉంటే చాలు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం. మూడు చిన్న చిలపలు, అంటే నూలు చుట్టలు, తీసుకోండి. ఒకదానికి పటిక, ఒకదానికి అన్నభేది (ఇనుప లవణం), మూడోదానికి రెండూ పట్టించండి. మూడింటినీ ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరు ఉడికించిన ఒకే గిన్నెలో వేయండి. పటిక పట్టినది ఎర్రగా, అన్నభేది పట్టినది నల్లటి ఊదాగా, మూడోది ముదురు గోధుమ ఛాయలో బయటికొస్తాయి. వేరు ఒకటే, నీళ్లు ఒకటే, పొయ్యి ఒకటే! మంజిష్ఠను మరగనివ్వకండి. 60, 70 డిగ్రీల దగ్గర ఉంచితే ఎరుపు శుభ్రంగా వస్తుంది, వేడి మితిమీరితే గోధుమరంగు కలుస్తుంది. నీళ్లలో కాల్షియం ఉంటే ఎరుపు చిక్కబడుతుంది. అందుకే ఏ నీళ్లు వాడారో కూడా నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

మంజిష్ఠ జాతి ఎరుపు మొహంజొదారోలో దొరికిన నూలు గుడ్డ పీలికలో కూడా ఉంది. ఆ జాతి వేళ్ల ఎరుపుకు మూలమైన పదార్థాల్లో ఒకటైన అలిజరిన్‌ను 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారు చేశారు. ఆ తర్వాత ఆ వేళ్ల సాగు వేగంగా పడిపోయింది.

అన్నభేది విషయంలో ఒక హెచ్చరిక. 100 గ్రాముల నూలుకు రెండు గ్రాములు దాటకపోవడం మంచిది. ఇనుము ఎక్కువైతే పోగు బలం తగ్గుతుంది. పడుగు పోగు బిగువుగా ఉండి అచ్చు పళ్ల మధ్య రాచుకుంటుంది కాబట్టి మగ్గం మీద మాటిమాటికీ తెగుతుంది. పాత పద్ధతుల్లో కనబడే క్రోమియం లవణాల జోలికి అసలే పోవద్దు, అవి విషం. రంగుల గిన్నెలు వంటకు వాడకండి, పొడులు కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి.

నీలి దారి వేరు. దానికి పటిక అక్కర్లేదు. నీలిమందు నీళ్లలో కరగదు. ఆక్సిజన్ లేని క్షారపు తొట్టిలో రసాయనికంగా మారాకే కరిగి నూలులోకి దిగుతుంది. పత్తికి ఒక పాలు నీలిమందు, రెండు పాళ్లు సున్నం, మూడు పాళ్లు ఫ్రక్టోజ్ వేసి తొట్టి కడతారు. ముంచి తీసిన చిలప పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. ఆ మార్పు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ముదురు నీలం కావాలంటే ఎక్కువసేపు నానబెట్టడం కాదు, ముంచి ఆరబెట్టడం మళ్లీ మళ్లీ చేయాలి. కడగడంలో తొందరపడితే పైపైన మిగిలిన నీలం నేసేటప్పుడు చేతులకూ పక్క పోగులకూ అంటుకుంటుంది.

రంగు నిలుస్తుందో లేదో తేల్చేది ఎండే. ఒక అట్టముక్కకు నూలు చుట్టి, సగం నల్లకాగితంతో కప్పి, ఎండపడే కిటికీలో కొన్ని వారాలు ఉంచండి. కాగితం తీస్తే తేడా కళ్లకు కడుతుంది. ఈ పరీక్ష దాటని రంగును, అదెంత ముద్దొచ్చినా, పడుగుకు ఎంచుకోవద్దు.

చిలపలు కట్టే దారాలు వదులుగా ఉండాలి, బిగిస్తే అక్కడ తెల్లమచ్చలు పడతాయి. గుడ్డకు సరిపడా నూలంతటికీ ఒకేసారి రంగు వేసినా చిలపకూ చిలపకూ కాస్త తేడా ఉంటుంది. రెండు చిలపల పోగులు మార్చి మార్చి పడుగులో వేస్తే చారలు కనబడవు. పేకకైతే పోగును అటూ ఇటూ మోసే నాడెలు రెండు పెట్టుకుని మార్చి మార్చి విసరాలి. ఎర్ర పడుగులో నీలి పేక పడితే దూరానికి ఊదాగా కనిపిస్తుంది. చిలపలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి తెలియదు. జానెడు గుడ్డ నేసి, ఉతికి, ఆరాక చూసి అప్పుడు మిగతా నూలును రంగు గిన్నెలో వేయండి.