సైకిలు చక్రంలో పుల్లలు తగ్గితే బిగువు తగ్గించకండి!

(ముందు చక్రం చేతిలో తిప్పుతూ)

మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీకి ఆగాను. పక్కనున్న సైకిల్ షాపు పెద్దాయన నా బండి చక్రం చూసి, "ఏటి బాబూ, సగం పుల్లలు ఎవుడు పీకేసినాడు?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. నల్ల సైకిలుకి ముందు 32, వెనక 40 పుల్లలు వేసి వేసి అలవాటైన చెయ్యి అది. నా చక్రానికి ఉన్నవి 20.

నాకు చిరాకు తెప్పించేది మాత్రం వేల రూపాయల రోడ్ బైకులు, అదే, వేగంగా తొక్కే సన్న టైర్ల సైకిళ్లు కొని కూడా, "పుల్లలు తక్కువ కదా, గట్టిగా బిగిస్తే తెగుతాయి, కాస్త వదులుగా ఉంచు" అనేవాళ్లు. పూర్తిగా తిరగేసిన మాట!

నులక మంచం గుర్తుందా? అల్లిక బిగువుగా ఉన్నంతకాలం ఎంత లావు మనిషి పడుకున్నా ఏమీ కాదు. కాళ్లవైపు తాడు వదులైతే నడుం నేలకి తగులుతుంది, నులక ఒరుసుకుని ఒరుసుకుని తెగుతుంది. తెగేది బరువుకి కాదు, వదులుకి.

(చక్రం దగ్గరగా)

చక్రం కూడా మంచమే. రిమ్ము పట్టె, పుల్లలు నులక. ఎడ్లబండి చక్రంలో ఆకు బరువుని కింది నుంచి తోసి నిలబెడుతుంది. సైకిలు పుల్ల సన్నటి తీగ, తోస్తే వంగిపోతుంది, లాగడం ఒక్కటే దానికి చేతనైన పని. మీరు ఎక్కి కూర్చోగానే నేలకి దగ్గరగా ఉన్న పుల్లల బిగువు కొంచెం తగ్గుతుంది, తిరిగి పైకి పోగానే వస్తుంది. చక్రం చుట్టు దాదాపు 2.1 మీటర్లు. కళింగపట్నం బీచ్ వైపు వెళ్లొచ్చి 50 కిలోమీటర్లు తొక్కారనుకోండి, ఒక్కో పుల్ల 24 వేల సార్లు ఈ కసరత్తు చేసినట్టు. బిగువు ఉంటే తట్టుకుంటుంది. వదులై పూర్తిగా సడలిపోతూ ఉంటే హబ్బు (పుల్లలు తగిలించే చక్రం నడిమి భాగం) దగ్గర వంపులో లోహం అలసి, ఒకరోజు టక్!

ఇప్పుడు నులకలో సగం వరసలు తీసేయండి. మిగిలినవాటిని ఇంకా గట్టిగా లాగాలి, అవునా? అలా లాగితే పట్టె వంగకుండా ఉండాలంటే లావు కర్ర కావాలి. అందుకే 20 పుల్లల చక్రానికి లోతైన, గట్టి రిమ్ము. 32 పుల్లలైతే రిమ్ము మీద రెంటికీ మధ్య సుమారు 6 సెంటీమీటర్లు, 20 అయితే దాదాపు 10, బెత్తెడు పైమాటే. అంత దూరం రిమ్ము తన బలం మీద తనే నిలబడాలి. 20 పుల్లల్ని ఒక్కోటి 110 కిలోలకి లాగితే మొత్తం 2,200 కిలోలు. ఇంత సన్నటి చట్రంలో రెండు టన్నులు! బరువు తగ్గుతుందని ఇవి కొనేవాళ్లకి ఒక మాట: పుల్లల్లో మిగిలే గ్రాముల్ని లావు రిమ్ము తినేస్తుంది. లాభమంతా గాలిని కోయడంలోనే.

(వెనక చక్రం)

అసలు తలనొప్పి ఇది. ఇక్కడ మంచం సాయం చాలదు. కుడివైపు పళ్లచక్రాల గుత్తి చోటు ఆక్రమించేసింది. అందుకని కుడి పుల్లలు దాదాపు నిటారుగా, ఎడమవి ఏటవాలుగా ఉంటాయి. రిమ్ము మధ్యలో నిలవాలంటే కుడివైపు 120 కిలోలు ఉన్నప్పుడు ఎడమకి దక్కేది సుమారు 60. నేను మొదట కట్టిన 24 పుల్లల చక్రంలో తెగినవి రెండూ ఎడమవే. బలమంతా పడేది కుడివైపు కదా అని బుర్ర గోక్కున్నాను! బిగువు సగమే గనక, సడలిపోయేవి ఎడమవే.

మందు రెండు రకాలు. ఎడమవైపు, నడుము దగ్గర 1.5 మిల్లీమీటర్లకి సన్నబడే పుల్లలు వేయండి. అదే బిగువుకి ఎక్కువ సాగుతాయి కాబట్టి త్వరగా సడలవు. లేదా దానికోసం చేసిన హబ్బు దొరికితే, కుడికి 16, ఎడమకి 8. సగం పుల్లలే అదే లాగుడు పంచుకుంటాయి గనక, రెండువైపులా బిగువు దాదాపు సమానం. నాకు ఇదే ఇష్టం.

పన్నెండు నిమిషాలు దాటిపోయింది, కట్టే పద్ధతి గబగబా చెప్పేస్తా. నిపుల్, అంటే పుల్లని రిమ్ముకి బిగించే చిన్న నట్టు, దాని మరల్లో నూనె చుక్క. అన్నీ ఒకే లెక్కన తిప్పండి. ముందు ఎగుడుదిగుడు, తర్వాత పక్క బెండు, తర్వాత రిమ్ము మధ్యకి వచ్చిందో లేదో. చివర్లో పావు తిప్పుకి మించొద్దు, ఇక్కడ ఒక్క పుల్ల బెత్తెడు రిమ్ముని లాక్కుపోతుంది. రిమ్ము కంపెనీ చెప్పిన హద్దు దాటొద్దు, బిగువు చూపే మీటరుతో కొలవండి, వేలితో మీటి శబ్దం వినడం ఎడమా కుడీ పోల్చడానికే. పుల్లల్ని జంటలుగా పట్టి గట్టిగా పిండండి, మళ్లీ బెండు చూడండి. డిస్క్ బ్రేకు ఉంటే ముందు చక్రానికి కూడా పుల్లలు ఒకదానిమీదొకటి దాటేలా అల్లాల్సిందే, నేరుగా వేయకూడదు.

సన్న పుల్ల నిపుల్‌తో పాటు మెలిపడుతుంది. కాస్త ఎక్కువ తిప్పి, ఆ కాస్తా వెనక్కి తిప్పండి. మొదటిసారి తొక్కినప్పుడు టిక్ టిక్ మని వినిపించిందా? ఆ మెలికలు విడుతున్నాయి. ఇంటికొచ్చి మళ్లీ స్టాండుకి ఎక్కించండి.