రక్తం గడ్డకట్టే ప్రోటీన్లు, పెద్ద వయసు మతిమరుపు

సభలోని పెద్దలందరికీ నమస్కారం.

"రక్తం చిక్కబడితే మతి పోతుందటగా డాక్టర్ గారూ, నేనూ రోజుకో ఎకోస్ప్రిన్ వేసుకోనా?" ఈ మధ్య ఓపీలో తరచుగా వినపడుతున్న ప్రశ్న ఇది. ఎకోస్ప్రిన్ అంటే రక్తాన్ని పల్చబరిచే ఆస్పిరిన్ మాత్రే. అంతా వాట్సాప్ పుణ్యం. అందులో కొంత నిజం ఉంది కాబట్టి కొట్టిపారేయలేను. కానీ జవాబు మాత్రం "మీ అంతట మీరు వేసుకోకండి" అనే. ఎందుకో చెప్పాలంటే ముందు రక్తం దగ్గర మొదలుపెట్టాలి.

ల్యాబ్‌లో మీరు గమనించే ఉంటారు, ఒకే సూదితో రెండు మూడు ట్యూబుల్లోకి రక్తం తీస్తారు. ఎర్రమూత ట్యూబును స్టాండులో పెట్టి అరగంట ఆగితే రక్తం ముద్దకట్టి, ట్యూబు వంచినా జారకుండా కూర్చుంటుంది. పక్కనే ఉన్న నీలిమూత ట్యూబులో మాత్రం గడ్డకట్టదు. అందులో అడుగున కాస్త సిట్రేట్ ద్రావణం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. కాల్షియం అందకపోతే గడ్డకట్టే తతంగం ముందుకు సాగదు. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి. అందుకే టెక్నీషియన్ గీత దాకా నింపేవరకు సూది తీయడు. తక్కువ నింపితే రిపోర్టు తప్పు వస్తుంది. గడ్డకట్టే గుణాన్ని కొలిచే పరీక్షలు చాలావరకు ఆ నీలిమూత ట్యూబు నుంచే.

ఎర్రమూత ట్యూబులో ముద్ద కట్టించిన ప్రోటీన్ పేరు ఫైబ్రినోజెన్. కాలేయం తయారు చేస్తుంది. మామూలుగా డెసిలీటరు రక్తంలో 200 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉంటుంది. ఎక్కడైనా గాయమైతే త్రాంబిన్ అనే ఎంజైమ్ వచ్చి దాని నుంచి చిన్న ముక్కలు కత్తిరిస్తుంది. మిగిలిన భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ఫైబ్రిన్ పోగులవుతాయి. పని అయ్యాక ప్లాస్మిన్ అనే మరో ఎంజైమ్ ఆ పోగుల్ని కరిగించేస్తుంది. ఆ తుంపులే డి-డైమర్. కోవిడ్ రోజుల్లో ఈ పేరు వినని ఇల్లు లేదు కదా. ఈ గుంపులో ఇంకా ఫ్యాక్టర్ 8, వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ లాంటివి చాలా ఉన్నాయి, కానీ ఇవాళ్టి కథానాయకుడు ఫైబ్రినోజెనే.

దీనికీ మెదడుకీ సంబంధం ఎలా బయటపడింది? నెదర్లాండ్స్‌లో రోటర్‌డ్యామ్ శివారు ఓమ్మూర్డ్‌లో 1990లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. ఆ పేటలో 55 ఏళ్ళు దాటినవాళ్ళను చేర్చుకుని, రక్తం తీసి భద్రపరచి, ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు. 2005లో వెలువడిన ఫలితం ఏమిటంటే, మొదట్లో ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉన్నవాళ్ళలో తర్వాత డిమెన్షియా, అంటే పెద్ద వయసు మతిమరుపు జబ్బు, ఎక్కువగా వచ్చింది. అల్జీమర్స్‌లోనూ, మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చే వాస్కులర్ డిమెన్షియాలోనూ అదే తీరు. వాపును సూచించే సి-రియాక్టివ్ ప్రోటీన్‌కి అదే జనంలో అలాంటి సంబంధం కనపడలేదు. నాకు ఇది ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే ఒంట్లో ఏ వాపు వచ్చినా ఫైబ్రినోజెన్ పెరుగుతుంది. వాపే అసలు దోషి అయితే రెండూ కలిసి వేలెత్తి చూపించాలి.

తర్వాత 2010లో బ్రిటన్‌లోని వేల్స్ నుంచి, కేర్‌ఫిలీ పట్టణం మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం కాస్త వేరే మాట చెప్పింది. గడ్డకట్టే ప్రోటీన్లకు వాస్కులర్ డిమెన్షియాతోనే సంబంధం కనపడింది, మిగతా రకాలతో లేదు. అంటే అల్జీమర్స్ విషయంలో వ్యవహారం ఇంకా తేలలేదన్నమాట. మన దగ్గర వాస్కులర్ రకం చిన్న సంగతేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌కి వచ్చిన రోగుల మీద డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2011లో ప్రచురించిన లెక్కలో దాదాపు నాలుగో వంతు మందిది అదే. ఈ రకంలో మతి మెట్లు మెట్లుగా దిగజారుతుంది. "పండక్కి బాగానే ఉన్నాడండీ, ఆ తర్వాత ఒక్కసారిగా మనవడి పేరు మర్చిపోయాడు" అని ఇంట్లోవాళ్ళు చెబుతారు. కొన్ని నెలలు నిలకడగా ఉంటాడు, మళ్ళీ ఓ మెట్టు దిగుతాడు. చాదస్తం అనుకుని వదిలేసేది కూడా ఎక్కువగా వీళ్ళనే.

సరే, ఫైబ్రినోజెన్ ఎక్కువుంటే మెదడులో ఏం జరుగుతుంది? "రక్తం చిక్కబడి సన్నని నాళాలు మూసుకుపోతాయి" అన్నది ఒక జవాబు. అది నిజమే, కానీ పూర్తి జవాబు కాదు. మెదడు నాళాల గోడలు మిగతా ఒంట్లో ఉన్నట్టు ఉండవు. కణాలు బిగుతుగా అతుక్కుని, ఫైబ్రినోజెన్ లాంటి పెద్ద ప్రోటీన్లను లోపలికి పోనివ్వవు. కాలువలో పారినంతసేపు నీళ్ళు పంటకు ప్రాణం, గట్టు తెగితే అవే నీళ్ళు చేను ముంచుతాయి. ఫైబ్రినోజెన్ సంగతీ అంతే. బీపీ, షుగరు, వయసు కలిసి ఆ గోడను వదులు చేస్తే అది కారి మెదడు కణజాలంలో చేరుతుంది. అక్కడ గాయం లేకపోయినా ఫైబ్రిన్‌గా మారి పేరుకుంటుంది.

న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో సిడ్నీ స్ట్రిక్లాండ్ ప్రయోగశాల చూపించిందేమిటంటే, అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ బీటా అనే ప్రోటీన్ ఈ ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటుంది. ఆ రెండూ కలిసి కట్టిన గడ్డ పోగుల తీరే మారిపోయి, ప్లాస్మిన్‌కు ఒక పట్టాన లొంగదు. శాన్‌ఫ్రాన్సిస్కో గ్లాడ్‌స్టోన్ సంస్థలో కాటెరినా అకాసోగ్లూ బృందం ఇంకో ముడి విప్పింది. మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలకు ఫైబ్రిన్ తగిలితే అవి రెచ్చిపోయి చుట్టూ ఉన్న నాడీకణాల మీద పడతాయి. ఫైబ్రిన్‌లో వాటిని రెచ్చగొట్టే భాగం వేరు, గడ్డకట్టించే భాగం వేరు. ఈ బృందం 2018లో ఆ రెచ్చగొట్టే భాగాన్ని మాత్రమే కప్పేసే ఒక యాంటీబాడీని ఎలుకల్లో ప్రయోగించి చూపింది. గడ్డకట్టే గుణం చెడలేదు, నాడీకణాల నష్టం తగ్గింది. నాకు ఆశ ఉన్నది ఈ దారి మీదే. రక్తాన్ని పల్చబరిచే మందులు ఈ తేడా చూడవు కదా.

మందుల సంగతికి వద్దాం. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న 4,44,106 మంది రికార్డులను స్వీడన్‌లో పరిశీలించి 2018లో ప్రచురించారు. మొదటి నుంచీ బ్లడ్ థిన్నర్ వాడినవాళ్ళలో డిమెన్షియా 29 శాతం తక్కువ. ఇది చూసి పత్రికలు పండగ చేసుకున్నాయి. కానీ ఇలాంటి లెక్కలో ఓ మెలిక ఉంది. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునేవాళ్ళు మిగతా జాగ్రత్తలూ తీసుకుంటారు. పైగా మతి అప్పటికే తప్పుతున్నవాళ్ళకు డాక్టర్లు ఈ మందు రాయడానికి జంకుతారు. చీటీ వేసి రెండు గుంపులు చేస్తేగానీ నిజం తేలదు. కెనడాలో మాంట్రియల్ కేంద్రంగా అలాగే చేశారు. పక్షవాతం (స్ట్రోక్) ముప్పు తక్కువున్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగులకు రివరాక్సబాన్ అనే బ్లడ్ థిన్నర్ ఇచ్చి చూశారు. మెదడు పనితీరు తగ్గడంలో తేడా ఏమీ రాలేదు. ఫలితం లేదని ట్రయల్‌ను మధ్యలోనే ఆపి, 2024లో ప్రకటించారు. వాళ్ళు వయసులో చిన్నవాళ్ళు, సగటున యాభైల్లో ఉన్నవాళ్ళు అన్న మాటా మరిచిపోకూడదు.

మీ ఎకోస్ప్రిన్‌కు సూటి జవాబు ఆస్ట్రేలియా, అమెరికా కలిసి చేసిన యాస్ప్రీ ట్రయల్‌లో ఉంది. ఆరోగ్యంగా ఉన్న 19,114 మంది పెద్దలు, ఎక్కువమంది 70 దాటినవాళ్ళు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. దాదాపు ఐదేళ్ళ తర్వాత డిమెన్షియాలో తేడా లేదు. తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం ఆస్పిరిన్ గుంపులో 38 శాతం ఎక్కువ. ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ట్రయల్ దొరకదు.

కానీ ఇది విని ఇంటికెళ్ళి మాత్రలు ఆపేసేవాళ్ళుంటారని నాకు భయం. స్టెంట్ పడినవాళ్ళు, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్ళు, గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు డాక్టరు రాసిచ్చినవాళ్ళు దయచేసి ఆపకండి. వాళ్ళకు ఆ మందు మతిమరుపు కోసం ఇచ్చింది కాదు, స్ట్రోక్ రాకుండా, గుండె ఆగకుండా ఇచ్చింది. స్ట్రోక్ ఒకటి తప్పినా మతికి అంత మేలు. రక్తాన్ని పల్చబరిచే యాసిట్రోమ్ మాత్ర వాడేవాళ్ళు, గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తేదీ దాటనివ్వకండి. ఆకుకూరలు ఈ మందు లెక్కను మారుస్తాయి, అలాగని పూర్తిగా మానేయక్కర్లేదు. వారమంతా ముట్టకుండా ఒకేరోజు తోటకూర, మునగాకు దండిగా తింటేనే లెక్క తప్పుతుంది. తినేదేదో ప్రతివారం ఒకే మోతాదులో తినండి.

"మరి ఫైబ్రినోజెన్ పరీక్ష చేయించుకోమా?" అని ముందు వరుసలో మేష్టారు అడుగుతున్నారు. వద్దండీ. నిన్న జలుబు చేసినా ఇవాళ పెరుగుతుంది, చిగుళ్ళు వాచినా పెరుగుతుంది. వేలమందిని కలిపి చూస్తే దానికో అర్థం ఉంది గానీ, మీ ఒక్కరి రిపోర్టు చూసి మీకు డిమెన్షియా వస్తుందో రాదో ఏ డాక్టరూ చెప్పలేడు. సిగరెట్టు, చుట్ట మానితే ఫైబ్రినోజెన్ దానంతటదే దిగుతుంది. అధిక బరువు తగ్గితే, రోజూ నడిస్తే దిగుతుంది.

ఆ పరీక్ష డబ్బుతో మోచేతి పైన కట్టే బీపీ మిషన్ ఒకటి కొనుక్కోండి. నాళాల గోడను కాపాడేది బీపీ అదుపే. చైనాలో 326 పల్లెల్లో, సుమారు 34,000 మందితో ఒక ట్రయల్ చేశారు. సగం పల్లెల్లో ఊరి వైద్యులే మందులు అందేలా చూసి, బీపీని గట్టిగా అదుపులో పెట్టారు. నాలుగేళ్ళలో మిగతా పల్లెలతో పోలిస్తే అక్కడ డిమెన్షియా 15 శాతం తగ్గింది. వాళ్ళు పెద్ద స్పెషలిస్టులేమీ కాదు. కొలిచేటప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు కొలవండి. ఉదయం మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి ఒకసారి, వారం రోజులు రాసి ఆ కాగితం మీ డాక్టరుకు చూపించండి. అలాగే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. కొట్టుకోవడం ఎగుడుదిగుడుగా ఉంటే ఒక ఈసీజీ తీయించుకోండి. ఇక అడగాల్సినవి అడగండి, మైకు ఆ వెనక వరుసలో అమ్మగారికి ఇవ్వండి బాబూ.