టెన్నిస్ బంతిలో గాలి ఎలా పెడతారు?

హాయ్ అండీ అందరికీ! ఒక టెన్నిస్ బంతిని చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. వాల్వ్ ఉండదు, సూది గుచ్చే చోటూ ఉండదు. కానీ లోపల గాలి బయటి గాలికన్నా చదరపు అంగుళానికి సుమారు 12 పౌండ్లు ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. ఫ్యాక్టరీలో సగం శ్రమ ఆ గాలి కోసమే.

పని రబ్బరుతో మొదలవుతుంది. రబ్బరులో గంధకం, జింక్ ఆక్సైడ్, మెత్తటి మట్టి పొడి లాంటివి వేసి మరలో బాగా కలుపుతారు. ఆ ముద్దను కడ్డీలా బయటికి తీసి, ఒకే బరువుండే ముక్కలు కోస్తారు. పూర్తయిన బంతి 56.0 నుంచి 59.4 గ్రాముల మధ్యే ఉండాలి కాబట్టి ఇక్కడ తూకం తప్పితే తర్వాత సరిచేయడం కష్టం. ముక్కల్ని వేడి అచ్చులో నొక్కితే కొబ్బరి చిప్పల్లా సగం సగం గుల్లలు వస్తాయి. వాటి అంచుల్ని గరుకుగా రాపిడి చేసి రబ్బరు జిగురు పూస్తారు. అంచు నున్నగా ఉన్నా, దుమ్ము పడినా అతుకు నిలవదు.

ఇక గాలి సంగతి. ప్రెస్‌లో, అంటే నొక్కే యంత్రంలో, కింద ఒక చిప్ప, పైన ఒక చిప్ప. రెండూ ఇంకా కలవకముందే ప్రెస్ లోపలి గదిని మూసేసి కంప్రెస్డ్ గాలితో నింపుతారు. ఆ గాలిలోనే చిప్పల్ని దగ్గరికి నొక్కుతారు, గాలి లోపలే చిక్కుకుపోతుంది. అంతే, సూదితో పనే లేదు! పాత పద్ధతిలో అయితే సోడియం నైట్రైట్, అమ్మోనియం క్లోరైడ్ లోపల వేసి మూసేవారు. వేడికి అవి కలిసి నైట్రోజన్ వాయువు పుట్టేది.

ప్రెస్ వేడికి అతుకు ఉడికి గట్టిపడ్డాక ప్రెస్‌ను వెంటనే తెరవకూడదు. వేడి రబ్బరు మెత్తగా ఉంటుంది, లోపలి గాలి తోసేస్తుంది. బంతి ఉబ్బుతుంది, లేదా అతుకు విడిపోతుంది. అందుకే నొక్కి ఉంచే చల్లారుస్తారు. నన్నడిగితే మొత్తం తయారీలో అసలైన ఓపిక ఇక్కడే కావాలి.

పైన కనిపించే నూగు ఫెల్ట్. ఉన్ని, నైలాన్, నూలు కలిసిన బట్ట అది. డంబెల్ ఆకారంలో రెండు ముక్కలు కోసి, దొంతరగా పేర్చి, అంచులకు మాత్రమే తెల్లటి రబ్బరు జిగురు పట్టిస్తారు. బంతి మీద వంకరగా తిరిగే తెల్ల గీత అదే, కుట్టు కాదు. ఆ ముక్కల్ని బంతికి అతికించాక రెండోసారి అచ్చులో ఉడికితే నూగంతా అణిగిపోతుంది. ఆవిరి పట్టి దొర్లిస్తే మళ్ళీ లేస్తుంది. నూగు మరీ లేస్తే గాలి అడ్డుపడి బంతి నెమ్మదిస్తుంది.

చివరి పరీక్ష: 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే మామూలు రకం బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. పాసైన బంతుల్ని ఒత్తిడి ఉన్న డబ్బాలో పెట్టి సీల్ చేస్తారు. లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి గాలి బయటికి పోదు. మీరు మూత తీసినప్పుడు 'స్‌స్' అనకపోతే ఆ డబ్బా ముందే లీకైందని అనుకోవచ్చు. తీశాక ఆడకపోయినా రబ్బరు గుండా గాలి మెల్లగా జారిపోతూనే ఉంటుంది. బుట్ట నిండా బంతులతో రోజూ ప్రాక్టీస్ చేసేవాళ్ళకైతే ప్రెషర్‌లెస్ బంతులు, అంటే లోపల అదనపు గాలి ఒత్తిడి లేనివి, మేలండీ. వాటి గోడ మందం, ఎగిరే బలం ఆ రబ్బరు నుంచే వస్తుంది.