మెట్లు కడిగిన ఆర్టిస్ట్

అందరికీ నమస్కారమండీ. ఈరోజు పెర్ఫార్మెన్స్ ఆర్ట్ గురించి మాట్లాడుకుందాం, అంటే బొమ్మ గీసి గోడకి తగిలించడం కాకుండా ఆర్టిస్టే జనం ముందుకొచ్చి తన ఒంటితో, తను చేసే పనితో చూపించే కళ. అందులో నాకు బాగా ఇష్టమైన మనిషి ఒకరున్నారు, అమెరికాలో మియర్లె లేడర్మన్ యూకెలీస్ అని.

1968లో ఆవిడకి మొదటి బిడ్డ పుట్టింది. ఇంక రోజంతా పాలు, గుడ్డలు, అంట్లు, ఊడవడం, తుడవడం, తెల్లారితే మళ్లీ అదే, ఇక ఆర్ట్ ఎప్పుడు చేసేది? 1969లో ఒక మేనిఫెస్టో రాసేశారు, ఇంట్లో నేను చేసే ఈ చాకిరీయే ఇకనుంచి నా కళ, దాన్నే మ్యూజియంలో చేసి చూపిస్తా అని. విప్లవం అయిపోయాక సోమవారం పొద్దున చెత్త ఎవరెత్తుతారు అని కూడా అందులో అడిగారు. ఎంత సూటిగా అడిగారో చూడండి.

అన్నట్టే 1973 జులైలో హార్ట్‌ఫర్డ్ ఊళ్లో వాడ్స్‌వర్త్ ఎథీనియం అనే మ్యూజియం మెట్లమీద నీళ్లు పోసి, మోకాళ్లమీద వంగి, చంటిపిల్లలకి కట్టే గుడ్డలతో గంటలకొద్దీ తుడిచారు, వచ్చేవాళ్లు తొక్కుతూనే ఉన్నారు ఈవిడ మళ్లీ తుడుస్తూనే ఉన్నారు. అక్కడే ఇంకోటి చేశారు, నాకైతే అదే ఎక్కువ నచ్చుతుంది. మమ్మీ, అంటే చెడకుండా దాచిన పాతకాలపు శవం, ఉన్న అద్దాలపెట్టెని ముందు మ్యూజియం పనివాడు తుడిచాడు, తర్వాత ఈవిడ తుడిచి ఇది ఆర్ట్ అని స్టాంప్ వేశారు, అంతే, ఇక ఆ పెట్టెని పనివాడు ముట్టుకోకూడదు, కన్సర్వేటర్, అంటే మ్యూజియం వస్తువులు పాడవకుండా చూసే నిపుణుడు, వచ్చి తుడవాలి! అద్దం అదే, తుడవడమూ అదే, ఎవరు తుడిచారన్నదాన్ని బట్టి విలువ మారిపోయింది.

దానికి ముందు ఏడు, 1972లో, లాస్ ఏంజెలెస్‌లో పాడుబడ్డ ఒక ఇంటిని జూడీ షికాగో, మిరియం షాపిరో అనే ఆర్టిస్టులు తమ స్టూడెంట్స్‌తో కలిసి బాగుచేసి ‘వుమన్‌హౌస్’ అని పేరు పెట్టారు. అందులో ఫెయిత్ వైల్డింగ్ ‘వెయిటింగ్’ అని ఒకటి చేశారు, ఒళ్లో చేతులు పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఆడపిల్ల జీవితమంతా ఎదురుచూపుల వరసగా చెప్పుకుంటూ పోతారు, ఎవరైనా ఎత్తుకుంటారని, పెళ్లవుతుందని, మొగుడు ఇంటికొస్తాడని, పిల్లలొస్తారని, అలా చావుదాకా. కూర్చున్నచోటునుంచి లేవకుండానే ఇంత చెప్పొచ్చా అనిపిస్తుంది.

1979లో అదే జూడీ షికాగో ‘డిన్నర్ పార్టీ’ అని ఒక ఆర్ట్ వర్క్ పెట్టారు, చరిత్ర పక్కన పెట్టేసిన 39 మంది ఆడవాళ్లకి పెద్ద బల్లమీద చోటు, కింద నేలమీద ఇంకో 999 పేర్లు. గొప్ప పనే, కానీ పేరు దొరికితేనే కదండీ రాయగలిగేది? ఏ పుస్తకంలోనూ పేరెక్కకుండా వంటింట్లోనే పోయినవాళ్ల సంగతేంటి? వాళ్ల గురించి మనకి తెలిసేది వాళ్లు చేసిన పనే, ఆ పనికే యూకెలీస్ మ్యూజియంలో చోటిచ్చారు, అందుకే నాకు ఆవిడంటే అంత గౌరవం.

ఆవిడ ఇంట్లో చాకిరీ దగ్గరే ఆగలేదు కూడా. 1979, 80ల్లో న్యూయార్క్ మొత్తం తిరిగి 8,500 మంది శానిటేషన్ కార్మికులకి ఒక్కొక్కరికీ చేయి కలిపి, ఈ ఊరిని బతికిస్తున్నందుకు థాంక్యూ అని చెప్పారు. ఇంత చేసినా, ఆవిడ చేసినదంతా ఒకచోట పెట్టి పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది మాత్రం 2016లోనే, క్వీన్స్ మ్యూజియంలో, అప్పటికి ఆవిడకి డెబ్బై ఏళ్లు దాటిపోయాయి.