"ఇంగ్లండ్ యుద్ధానికి రాదు" అన్న మంత్రి: రిబ్బెన్‌ట్రాప్ కథ

[తెరపై: బెర్లిన్, 1939 సెప్టెంబర్ 3]

ఉదయం 9 గంటలు. పోలండ్ మీద దాడి ఆపకపోతే యుద్ధమే అన్న అల్టిమేటం పట్టుకుని బ్రిటన్ రాయబారి హెండర్సన్ జర్మనీ విదేశాంగ శాఖకు వచ్చాడు. అది అందుకోవాల్సిన మంత్రి రిబ్బెన్‌ట్రాప్ మొహం చాటేసి, దుబాసీ పాల్ ష్మిట్‌ను పంపాడు. ష్మిట్ ఆ కాగితం తీసుకెళ్లి హిట్లర్‌కు నిదానంగా అనువదించి వినిపించాడు. హిట్లర్ కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. తర్వాత కిటికీ దగ్గరున్న రిబ్బెన్‌ట్రాప్ వైపు ఉరిమి చూసి, "ఇప్పుడేంటి?" అన్నాడు.

పోలండ్ కోసం ఇంగ్లండ్ యుద్ధానికి దిగదని అన్నాళ్లూ నమ్మబలికింది అతనే మరి.

[పాత ఫొటో: సూటులో రిబ్బెన్‌ట్రాప్]

అతను మొదట వైన్ వ్యాపారి. పేరులోని 'ఫాన్' అనే కులీనుల గుర్తు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. 1925లో, ముప్పై దాటాక, ఒక దూరపు బంధువుకు దత్తత వెళ్లి తెచ్చుకున్నాడు. నాజీ పార్టీలో చేరింది 1932లో. మరుసటి జనవరిలో హిట్లర్‌ను గద్దెనెక్కించిన రహస్య మంతనాలకు బెర్లిన్‌లోని అతని ఇల్లే వేదికైంది. ఇక ఆపై అన్నీ మెట్లే. 1936లో లండన్‌లో రాయబారి, 1938లో విదేశాంగ మంత్రి.

1939 ఆగస్టు 23న మాస్కోలో సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్‌తో, ఒకరి మీద ఒకరు దాడి చేసుకోబోమన్న ఒప్పందం మీద సంతకం పెట్టాడు. దాని వెనక ఒక రహస్య పత్రం ఉంది. పోలండ్‌ను చెరి సగం పంచుకోవడం అందులోనే రాసుకున్నారు. తొమ్మిది రోజులకే జర్మన్ సైన్యం సరిహద్దు దాటింది.

లెక్క తప్పిన సలహాదారుగా మాత్రమే అతన్ని చూస్తే నేను ఒప్పుకోను. 1943 ఏప్రిల్ 17 చూడండి.

[తెరపై: సాల్జ్‌బర్గ్ దగ్గర క్లెస్‌హైమ్ భవనం]

హిట్లర్ ఎదుట హంగరీ పాలకుడు హోర్తీ కూర్చున్నాడు. యూదులకు బతుకుతెరువు లేకుండా చేశాను, చంపలేను కదా, ఇంకేం చేయాలి అని అడిగాడు. జవాబిచ్చింది రిబ్బెన్‌ట్రాప్: యూదులను అంతమైనా చేయాలి, కాన్సంట్రేషన్ క్యాంపులకైనా పంపాలి. ఆ మాటలు కాగితం మీద పెట్టింది కూడా పాల్ ష్మిటే. ఏడాది గడిచాక, 1944 మే, జూలై మధ్య 4 లక్షలకు పైగా హంగరీ యూదులను రైళ్లలో కుక్కి తరలించారు. ఎక్కువ మంది చేరింది నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కే.

యుద్ధం ముగిశాక హాంబర్గ్‌లో దాక్కున్న అతన్ని 1945 జూన్‌లో పట్టుకున్నారు. నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో ష్మిట్ రాసిన ఆ నోట్స్ అతని ముందుకొచ్చింది. నాలుగు అభియోగాల్లోనూ దోషి అన్నారు, ఉరిశిక్ష వేశారు. 1946 అక్టోబర్ 16, అర్ధరాత్రి దాటి ఒంటిగంట. అంతకు కొన్ని గంటల ముందే, ఉరిశిక్ష పడ్డ మరో నాజీ అగ్రనేత గోరింగ్ సైనైడ్ మింగాడు. దాంతో ఉరికంబం ముందుగా ఎక్కాల్సిన వంతు రిబ్బెన్‌ట్రాప్‌కు వచ్చింది.