ఒంట్లో తయారయ్యే సబ్బు

శ్రోతలకు నమస్కారం. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మన ఇళ్లలో ఎవరికైనా పొట్ట పైభాగంలో నొప్పి లేస్తే వెంటనే వినపడే మాట, "గ్యాస్ అయ్యుంటుంది, కాస్త వాము నమలు" అని. చాలాసార్లు అది గ్యాసే. ఒక్కోసారి మాత్రం క్లోమం వాపు.

క్లోమం జీర్ణాశయం వెనకాల ఉండే గ్రంథి. మనం తిన్న నూనెను, నెయ్యిని అరిగించే లైపేజ్ అక్కడే తయారై పేగులోకి వెళ్తుంది. పిత్తాశయంలోని రాయి జారి దారికి అడ్డుపడినా, సారా ఎక్కువై గ్రంథి దెబ్బతిన్నా, ఆ లైపేజ్ బయటికి కారి చుట్టూ ఉన్న కొవ్వు మీద పడుతుంది. తిన్న కొవ్వు కాదండీ, మన ఒంటి కొవ్వు. దాన్ని ఫ్యాటీ యాసిడ్లుగా విడగొడుతుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఆ తర్వాత జరిగేదే. సబ్బు చేసేవాళ్లు నూనెలో కాస్టిక్ సోడా కలుపుతారు కదా! నూనెలోని ఫ్యాటీ యాసిడ్లు సోడియంతో కలిసి సబ్బవుతాయి. ఒంట్లో సోడియం బదులు కాల్షియం. పొట్ట తెరిచిన సర్జన్లకు క్లోమం చుట్టూ కొవ్వు మీద సుద్ద రంగు మచ్చలు కనిపిస్తాయి. అది సబ్బు. మాటవరసకు అనడం లేదు, నిజంగా సబ్బే. కాల్షియం అక్కడ ఖర్చయ్యేకొద్దీ రక్తంలో తగ్గిపోతుంది. బాగా తగ్గితే వేళ్లు కొంకర్లు పోతాయి.

సబ్బుగా మారకుండా మిగిలిన ఫ్యాటీ యాసిడ్లతోనే నాకు ఎక్కువ భయం. ఓలియిక్, లినోలియిక్ లాంటివి కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. రక్తంలో కలిసి ఊపిరితిత్తులనూ, కిడ్నీలనూ పాడుచేస్తాయి. పొట్టలో కొవ్వు పేరుకున్నవాళ్లకు ఈ జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ కావడానికి ఇదొక కారణం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటినా ఈ వాపు రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఆ పరీక్ష తప్పక చేయించుకోండి.

ఇంతకీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, దానికి తోడు ఆగని వాంతులు ఉంటే "తెల్లారాక చూద్దాం" అనకండి. తెల్లారేదాకా ఆగకండి. మొదటి గంటల్లో ఎక్కించే సెలైన్ చాలా అవసరం. ఆ రాత్రే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. వాళ్లు బరంపురమో శ్రీకాకుళమో పంపిస్తే వెంటనే బయల్దేరండి. గ్యాస్ మాత్ర రాసి ఇంటికి పంపేస్తుంటే, "లైపేజ్ పరీక్ష చేస్తారా డాక్టరు గారూ" అని అడగండి. అది మామూలు రక్తపరీక్షే. ఉండాల్సిన గరిష్ఠానికి 3 రెట్లు దాటిందంటే, అలాంటి నొప్పి కూడా ఉంటే, అది గ్యాస్ కాదు.