ఎసెక్స్ ఎర్ల్ పతనం: ఐర్లండ్ ముంచిందా, అప్పులు ముంచాయా?

వ్యాఖ్యాత: నమస్కారం. మొదటి ఎలిజబెత్ రాణి అంతగా అభిమానించిన రాబర్ట్ డెవరూ, అంటే ఎసెక్స్ ఎర్ల్ అనే ప్రభు బిరుదున్నవాడు, 1601 ఫిబ్రవరి 25న లండన్ టవర్‌లో శిరచ్ఛేదానికి గురయ్యాడు. అప్పటికి వయసు 35. మేడమ్, ఎక్కడ చెడింది?

చరిత్ర లెక్చరర్: అందరూ ఐర్లండ్ దగ్గర మొదలుపెడతారు. నేను తియ్యటి వైన్ దగ్గర మొదలుపెడతానండి. తండ్రి అతనికి బిరుదుతో పాటు అప్పులూ మిగిల్చాడు. దర్బారులో దర్జాగా బతకాలంటే డబ్బు కావాలి. మధ్యధరా వైపు నుంచి దిగుమతయ్యే తియ్యటి వైన్ల మీద సుంకం వసూలు చేసుకునే హక్కును రాణి అతనికి కౌలుకిచ్చింది. ఖజానాకు కట్టాల్సింది కట్టి, మిగిలింది తను ఉంచుకోవచ్చు. 1600లో గడువు తీరింది. ఆవిడ పొడిగించలేదు. అక్కడితో అప్పులవాళ్లకు చెప్పడానికి అతని దగ్గర సమాధానం లేకుండా పోయింది.

పరిశోధకుడు: ఒప్పుకుంటాను మేడమ్. కానీ ఎందుకు పొడిగించలేదు? 1598లో కొద్దిమంది మంత్రుల ముందు రాణికి వీపు తిప్పాడు. ఆవిడ చెంప మీద కొడితే కత్తి పిడి మీద చెయ్యి వేశాడు! అయినా మరుసటి ఏడు దాదాపు 16,000 మంది కాల్బలాన్ని ఇచ్చి ఐర్లండ్ పంపింది. ఉత్తరాన అల్‌స్టర్‌లో ఐరిష్ తిరుగుబాటు నాయకుడు టైరోన్ ఎర్ల్ మీద పడమంటే, దక్షిణాన తిరిగి సైన్యాన్ని కరగదీశాడు. చివరికి ఒక ఏటి రేవులో టైరోన్‌తో ఒంటరిగా మాట్లాడి సంధి చేసుకున్నాడు. సాక్షి ఒక్కడూ లేడు. ఏ పాలకులు ఊరుకుంటారు?

వ్యాఖ్యాత: ఆ తర్వాతే కదా నాన్‌సచ్ ప్యాలెస్ సంఘటన?

పరిశోధకుడు: అవును, 1599 సెప్టెంబర్ 28. అనుమతి లేకుండా ఐర్లండ్ వదిలి వచ్చి, బురద బట్టలతోనే రాణి పడకగదిలోకి దూసుకెళ్లాడు. ఆవిడ ఇంకా ముస్తాబు కాలేదు. ఆ రోజు నుంచే నిర్బంధం మొదలైంది.

లెక్చరర్: తప్పే, కాదనను. కానీ అంత టెన్షన్ ఎందుకో చూడండి. 1596లో అతను స్పెయిన్ రేవు కాడిజ్ మీద దాడికి వెళ్లి లేనప్పుడే దర్బారులో అతని ప్రత్యర్థి రాబర్ట్ సెసిల్ రాణి కార్యదర్శి అయ్యాడు. దూరంగా ఉంటే ఏమవుతుందో అతను ఒకసారి రుచి చూశాడు. రాణి ముఖం కనిపించకపోతే పదవి లేదు, ఆదాయం లేదు. మనిషిని అలా తన మీదే ఆధారపడేలా పెంచడంలో రాణి బాధ్యత కూడా ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

వ్యాఖ్యాత: మరి 1601 ఫిబ్రవరి 8న తిరుగుబాటుకు లండన్ వీధుల్లోకి వచ్చినప్పుడు?

పరిశోధకుడు: ఆదివారం. వెంట ఉన్నది రెండు మూడు వందల మంది. జనం తనను ప్రేమిస్తారు, ఆయుధాలు పట్టి వస్తారనుకున్నాడు. తలుపులు తీసినవాళ్లే తక్కువ. థేమ్స్ మీదుగా ఇంటికి తిరిగొచ్చి, కాగితాలు కాల్చేసి, రాత్రికి లొంగిపోయాడు.

లెక్చరర్: రాజద్రోహం విచారణలో న్యాయవాది, తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ ప్రభుత్వం తరఫున వాదించాడు. ఆ బేకన్ ఉద్యోగం కోసం రాణిని ఏళ్ల తరబడి బతిమాలి, అది దక్కకపోతే భూమి రాసిచ్చినవాడు ఎసెక్స్. అది నాకు మింగుడుపడదు.

పరిశోధకుడు: కానీ మేడమ్, సైనిక కీర్తి వెంటపడితే రాణికి అనుమానం వస్తుందని 1596లోనే ఉత్తరం రాసి హెచ్చరించింది కూడా బేకనే. ఎసెక్స్ వినలేదు.